గురువారం లంచ్‌లో నేనెందుకు కూర్చుంటానంటే

పోయిన ఆదివారం పూజ అయ్యాక చర్చి హాల్లో కాఫీ తాగుతుంటే, మన గుంటూరు వైపు పెద్దాయన ఒకరు నన్ను పక్కకి పిలిచారు. "ఏమ్మా, సిస్టర్ల దగ్గర చదువుకున్నదానివి, కతోలిక బళ్ళో టీచరువి. ఆ క్లబ్బులో నువ్వు కూర్చోవడం ఏంటమ్మా? అసలు ఆ పిల్లల అమ్మానాన్నలకి తెలుసా?" అన్నారు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. అందుకే ఎక్కువ తగిలింది. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం ఇన్నేళ్ళు కెనడాలో ఉన్నా నాకు రాలేదు. సరేనండీ అని వచ్చేశాను.

ఆయన అన్నది గే-స్ట్రెయిట్ అలయన్స్ గురించి. గే పిల్లలూ, వాళ్ళకి తోడుగా నిలబడే మిగతా పిల్లలూ కలిసి కూర్చునే బడి క్లబ్బు అది. కెనడాలోని మా ఒంటారియో రాష్ట్రంలో కతోలిక బళ్ళు ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి. ఆ హక్కు 1867 రాజ్యాంగం నాటిది. హైస్కూళ్ళలో కతోలికులు కాని పిల్లలూ చేరతారు. 2002లో ఒషావాలో మార్క్ హాల్ అనే విద్యార్థి, ప్రామ్‌కి, అంటే బడిలో పెట్టే డాన్స్ పార్టీకి, తన బాయ్‌ఫ్రెండ్‌ని తీసుకెళ్ళడానికి కోర్టుకెక్కాడు, గెలిచాడు. 2011లో మిసిసాగాలో ఒక కతోలిక హైస్కూలు పిల్లలు ఈ క్లబ్బు కావాలంటే బడి కాదంది. మరుసటేడు జూన్‌లో చట్టం వచ్చింది. పిల్లలు ఆ పేరుతోనే క్లబ్బు పెట్టుకుంటామంటే బోర్డు గానీ ప్రిన్సిపాల్ గానీ అడ్డుచెప్పకూడదు. బడి పిల్లలు పెద్దవాళ్ళ ఎదుట నిలబడి అడిగి సాధించుకున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా బళ్ళో ఆ క్లబ్బు గురువారం లంచ్‌లో కలుస్తుంది, పెద్దవాళ్ళ తోడుగా నేను కూర్చుంటాను. గదిలో జరిగేది పెద్దగా ఏమీ ఉండదు. లంచ్ బాక్సులు తెరుస్తారు, పోస్టర్లకి రంగులేస్తారు, కెమిస్ట్రీ టెస్టు గురించి టెన్షన్ పడతారు. మూల కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా తినేసి వెళ్ళే పిల్ల ఒకత్తి ఉంది. ప్రతివారం వస్తుంది.

శ్రీసభ, అంటే మా కతోలిక చర్చి, బోధన నాకు తెలుసు. పెళ్ళి గురించి, ఇలాంటి సంబంధాల గురించి అది మారలేదు. కానీ ఆ బోధనంతా రాసి ఉన్న సత్యోపదేశం (కేటకిజం) పుస్తకం 2358వ పేరాలోనే గే మనుషుల్ని గౌరవంతో, కనికరంతో ఆదరించాలని, అన్యాయంగా వివక్ష చూపకూడదని ఉంది. నా నౌకరీకి విచారణ గురువు, అంటే మా చర్చి ఫాదర్, నా విశ్వాసం గురించి ఇచ్చిన ఉత్తరం దీనికీ వర్తిస్తుందనే నేననుకుంటాను.

ఇంటర్‌లో మా ట్యూషన్‌కి ఒక అబ్బాయి వచ్చేవాడు. వాడి నడక చూసి అందరూ నవ్వేవాళ్ళు, సారు కూడా నవ్వేవారు. దసరా సెలవుల తర్వాత వాడు రాలేదు. ఎందుకు రాలేదని ఎవ్వరూ అడగలేదు. జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కన కూర్చునే సిస్టర్లు ఉన్న ఊరు మాది. అంత ప్రేమ ఉన్న ఊళ్ళో వాడు వెళ్ళి చెప్పుకోవడానికి ఒక్క మనిషీ లేకపోయారు.

ఇక అమ్మానాన్నల సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది ఈ ప్రశ్నే. గురువారం ఎవరొచ్చారో నేను ఏ ఇంటికీ ఫోన్ చేసి చెప్పను. నేనూ తల్లినే. నా బిడ్డ గురించి నాకంటే ముందు వేరే ఎవరికో తెలిస్తే నాకు కడుపు మండుతుంది, నిజమే. కానీ ఇంట్లో చెబితే ఏమవుతుందో నాకంటే ఆ పిల్లలకే బాగా తెలుసు. చెప్పే రోజు వాళ్ళది. ఆలోగా మధ్యాహ్నం ఒక్క నలభై నిమిషాలు భయం లేకుండా అన్నం తింటే ఏ తల్లికి నష్టం?

మావాడు సెప్టెంబర్‌లో తొమ్మిదో తరగతికి వెళ్తాడు. నాతో చెప్పుకోలేని మాట వాడికేదైనా ఉంటే, వినడానికి ఆ బళ్ళో కూడా ఎవరో ఒక టీచరమ్మ కూర్చుని ఉండాలి.