ఫోన్ బ్యాటరీకి పర్సంటేజీ కన్నా వేడితోనే ఎక్కువ నష్టం

ఎండలు ముదిరాయంటే తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచలో ఫోన్ రిపేరు షాపుకు వచ్చే గిరాకీ ఒక్కసారిగా మారిపోతుంది. వానాకాలమంతా నీళ్లలో పడ్డ ఫోన్లు వస్తే, ఏప్రిల్ నుంచి బ్యాటరీల గోలే. "పొద్దున ఫుల్ జేసిన, పగటీలికే అయిపోయింది" అని ఒకరు, "వెనక మూత పైకి లేస్తున్నదన్నా" అని ఇంకొకరు. వీళ్లలో చాలామంది జాగ్రత్తపరులే. ఇరవై కంటే తగ్గనివ్వకూడదు, ఎనభై దాటనివ్వకూడదు అని వీడియోల్లో చూసి, మాటిమాటికీ పర్సంటేజీ చూసుకుంటూ టెన్షన్ పడేవాళ్లే. అంత జాగ్రత్తా పడి, అదే ఫోన్‌ను రేకుల కింద, గోడకు పైనున్న అరలో పెట్టి ఛార్జ్ చేస్తారు. అసలు నష్టం జరిగేది అక్కడ.

ఛార్జింగ్ గురించి చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి గానీ, మేలో 45 డిగ్రీలు దాటే ఊళ్లలో బతికే మనకు మొదటి జాగ్రత్త వేడి గురించే. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో కొంచెం లోపలికి వెళ్లి చెప్తాను. మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దీన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది, దీని వెనకున్న గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. లోపల రెండు రకాల పలుచని పొరలు, వాటి మధ్య ఒక ద్రవం ఉంటాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పొర నుంచి ఇంకో పొరకు పోతాయి, ఫోన్ వాడుతుంటే తిరిగి వస్తాయి. ఇదొక్కటే జరిగితే ఏ గొడవా లేదు. కానీ దాంతోపాటు ఆ ద్రవం కొద్దికొద్దిగా చెడిపోయి పొర మీద పెచ్చు కట్టడం కూడా నడుస్తూనే ఉంటుంది, కొంత లిథియం ఆ పెచ్చులో ఇరుక్కుపోయి ఇక పనికిరాకుండా పోతుంది. బ్యాటరీ పాతబడటమంటే ఇదే. వేడి పెరిగేకొద్దీ ఇది వేగంగా జరుగుతుంది. ఫుల్ ఛార్జ్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడూ వేగం పెరుగుతుంది. ఆ రెండూ కలిశాయనుకోండి, అంటే వంద శాతం నిండిన ఫోన్ గంటల తరబడి వేడిలో పడి ఉందనుకోండి, రోజువారీ వాడకంలో బ్యాటరీకి అంతకంటే చెడ్డ పరిస్థితి ఉండదు.

ఆపిల్ వాళ్లు ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటారు. 35 దాటిన వేడిలో బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోవచ్చని, ఆ వేడిలో ఛార్జ్ చేస్తే ఇంకా దెబ్బ తింటుందని స్పష్టంగా చెప్తారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేదీ ఇదే రకం బ్యాటరీ కాబట్టి వాటి సంగతీ అంతే. మన దగ్గర మే నెలలో ఇంటి లోపలే 35 దాటుతుంది, ఇక బయట సంగతి చెప్పేదేముంది?

తునికాకు సీజన్లో ఒక కాక ఫోన్ తెచ్చాడు. డిస్‌ప్లే ఒక పక్క అంచు దగ్గర గమ్ము ఊడి, ఆ సందులోంచి లోపలి లైటు సన్నగా బయటికి కనపడుతోంది. వెనక మూత తీసి చూస్తే, పలకలా ఉండాల్సిన బ్యాటరీ మధ్యలో ఉబ్బి, వేలు ఆనిస్తే మెత్తగా లోపలికి పోతోంది. లోపలి ద్రవం విరిగి గ్యాస్ తయారైతే ఇలా అవుతుంది.

"కాకా, ఛార్జింగ్ ఏడ పెడ్తున్నవే?"

"బండి ట్యాంకు మీది బ్యాగుల, పవర్ బ్యాంకుకు. కల్లం కాడ కరెంటు ఏడుంటది బిడ్డా?"

ఆయన మాట నిజమే, అడవిలో కరెంటు ఉండదు. కానీ ఎండలో నిలబెట్టిన బండి, నల్ల రెగ్జిన్ బ్యాగు, అందులో వేడెక్కే పవర్ బ్యాంకు, దాని మీద వేడెక్కే ఫోన్, గాలి ఆడే సందే లేదు. పవర్ బ్యాంకును మానాల్సిన పనిలేదు. బ్యాగులోంచి తీసి, చెట్టు నీడన గాలి తగిలేచోట పెట్టి, కొంచెం ఎక్కగానే పిన్ను తీసేస్తే చాలు. ఇంకా మంచిది, ఇంటి నుంచి బయల్దేరేముందు తెల్లవారుజామున చల్లపూట ఫోన్ నింపుకుని, మధ్యాహ్నం అసలు ఛార్జింగే పెట్టకుండా గడపడం. ట్రాక్టర్ డ్రైవర్లకూ ఇదే చెప్తాను. అద్దం వెనకాల డ్యాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి, మ్యాప్ పెట్టి, పైగా ఛార్జింగ్ పిన్ను కూడా గుచ్చి ఆళ్లపల్లి దాకా దాదాపు 100 కిలోమీటర్లు పోతారు. ఎండ, స్క్రీన్ వెలుగు, జీపీఎస్, ఛార్జింగ్, నాలుగు వైపుల నుంచీ వేడే.

ఇంట్లో చేసుకోవాల్సినవి పెద్ద కష్టమైనవేం కావు. రేకుల ఇళ్లలో పైకి పోయేకొద్దీ వేడి ఎక్కువ, స్విచ్ బోర్డులు కూడా పైనే ఉంటాయి కాబట్టి ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి ఫోన్‌ను కింద బండల మీద పెట్టండి. బండ చల్లగా ఉంటుంది, ఫోన్ వేడిని లాగేస్తుంది. పిల్లలు పాకే ఇల్లయితే మాత్రం బాక్సు వాళ్లకు అందని ఎత్తులో, కిటికీ పక్కన పీట మీద. పౌచ్ మందంగా ఉంటే ఛార్జింగ్ పెట్టేటప్పుడు తీసేయండి. పరుపు మీద, దిండు కింద వద్దే వద్దు. ఛార్జింగ్‌లో ఉండగా గేములు, హాట్‌స్పాట్, వీడియో కాల్ పెట్టకండి, ఎందుకంటే ఛార్జ్ ఎక్కే వేడికి వాడకం వేడి తోడవుతుంది. కూలర్ ఉన్న గదిలో పెట్టడం మంచిదే గానీ నీటి తుంపర తగిలేంత ఎదురుగా వద్దు. ఫోన్ బాగా కాలిందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లను కూడా చూశాను. దయచేసి అలా చేయకండి, లోపల చెమ్మ పట్టి బోర్డు పోతుంది. పిన్ను తీసి, స్విచాఫ్ చేసి, ఫ్యాను కింద పెట్టండి చాలు.

ఇంకో సంగతి. మే నెలలో "ఛార్జర్ పాడైంది, కొత్తది ఇవ్వు" అని వచ్చేవాళ్లు చాలామంది. చూస్తే ఛార్జర్ బాగానే ఉంటుంది. ఫోన్ వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది, మరీ ఎక్కువైతే ఛార్జింగ్ ఆపేస్తుంది కూడా. గంటలో ఎక్కేది మూడు గంటలు పడుతోందంటే ముందు ఫోన్ వీపు ముట్టుకుని చూడండి. అందుకే డబ్బులు తీసుకోకుండా చాలామందిని చల్లచోట పెట్టి చూడమని పంపిస్తుంటాను.

ఫాస్ట్ ఛార్జింగ్ చెడ్డదా అని కూడా అడుగుతారు. ఛార్జర్ మీద 67 వాట్లని రాసి ఉన్నా ఎంత తీసుకోవాలో నిర్ణయించేది ఫోనే, నిండేకొద్దీ అదే తగ్గించుకుంటూ పోతుంది. ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ ఛార్జర్ వాడటంలో తప్పేం లేదు. నా సలహా ఏమిటంటే, తొందర లేని రోజు, ముఖ్యంగా ఎండాకాలం, ఇంట్లో పాత 10 వాట్ల ఛార్జర్ ఉంటే దానితో పెట్టండి, వేడి చాలా తగ్గుతుంది. వైర్‌లెస్ ఛార్జింగ్ మాత్రం ఈ నాలుగు నెలలు పక్కన పెట్టడమే మేలు, అందులో కొంత కరెంటు ఎటూ వేడి కిందే పోతుంది.

ఇప్పుడు పర్సంటేజీ సంగతి. 20 నుంచి 80 మధ్య ఉంచడం మంచిదే, ఆ మాట అబద్ధం కాదు. పై చివరన వోల్టేజీ ఒత్తిడి, కింది చివరన కూడా బ్యాటరీకి మంచిది కాదు. కానీ దానికి బానిస కావద్దు. రేపు కాళేశ్వరం పోయి రావాలి, దారిలో ఎక్కడా ఛార్జింగ్ దొరకదు అనుకుంటే హాయిగా వంద పెట్టుకోండి, బయల్దేరే టైముకు నిండేలా చూసుకోండి. వంద ముట్టుకోవడం కంటే వంద మీద రాత్రంతా నిలబడటమే ఎక్కువ నష్టం.

రాత్రంతా పెడితే పేలుతుందా అని భయపడే పెద్దవాళ్లకు నా జవాబు ఇదే. మంచి ఫోన్, మంచి ఛార్జర్ అయితే నిండగానే ఫోనే ఆపేస్తుంది, ఎక్కువ ఎక్కదు. అయితే కొంచెం దిగగానే మళ్లీ నింపుతూ తెల్లారేదాకా పై చివరనే ఉంచుతుంది. దానికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. సామ్‌సంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్, ఐఫోన్ 15 నుంచి 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్, గూగుల్ పిక్సెల్‌లో అడాప్టివ్ ఛార్జింగ్, ఇలా చాలా ఫోన్లలో ఏదో ఒక పేరుతో ఉంటుంది. బ్యాటరీ సెట్టింగ్స్ తెరిచి ఒక్కసారి ఆన్ చేస్తే అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి పిన్ను తీసే బాధ తప్పుతుంది. రాత్రి కరెంటు పోయి వచ్చే మన ఊళ్లలో ఇది మరీ అవసరం.

కొత్త ఫోన్‌ను మొదట ఎనిమిది గంటలు పెట్టాలని, అప్పుడప్పుడు జీరో దాకా దించాలని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పాత నికెల్ బ్యాటరీల కాలం మాట, వీటికి వర్తించదు. జీరో దాకా దించితే లాభం లేదు సరే, అలాగే నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ మళ్లీ ఛార్జ్ ఎక్కకుండా పోవచ్చు. మిర్చి ఏరడానికి తెలంగాణ పోయేవాళ్లు రెండో ఫోన్ ఇంట్లో పెట్టిపోతారు కదా, పోయేముందు సగం దాకా ఛార్జ్ పెట్టి, స్విచాఫ్ చేసి, చల్లని చోట ఉంచండి. ఫుల్ పెట్టి దాచడమూ మంచిది కాదు.

మనకు ప్రత్యేకంగా ఉన్న ఇంకో బాధ సిగ్నల్. నది ఒడ్డున ఉంటే ఫోన్ కాసేపు ఇవతలి టవరు, కాసేపు తెలంగాణ టవరు పట్టుకుంటూ వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాటకు బ్యాటరీ బాగా తింటుంది. బ్యాటరీ జీవితాన్ని సైకిళ్లలో లెక్కేస్తారు. వంద శాతం వాడకం ఒక సైకిల్, అంటే ఈరోజు సగం, రేపు సగం వాడినా ఒకటే లెక్క. ఐఫోన్ 14 దాకా 500 సైకిళ్లకు, 15 నుంచి 1000 సైకిళ్లకు 80 శాతం సామర్థ్యం మిగిలేలా తయారు చేశామని ఆపిల్ చెప్తుంది. యూరప్‌లో 2025 జూన్ నుంచి అమ్మే ఫోన్లు 800 సైకిళ్లకు 80 శాతం నిలబెట్టాల్సిందే అని రూల్ ఉంది. సిగ్నల్ వెతుకులాటలో పోయే ఛార్జ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి మీ ఇంట్లో బాగా అందే నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి. అడవిలో సిగ్నలే లేనిచోట ఫ్లైట్ మోడ్ పెట్టేయండి.

ఛార్జర్ కొనేటప్పుడు సంతలో దొరికే పేరులేని వాటి జోలికి పోకండి. దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. ఏమీ రాకపోతే కొనకండి, అది నా షాపులో కనపడినా సరే.

బ్యాటరీ ఉబ్బినట్టు అనుమానమొస్తే ఆ క్షణం నుంచి ఛార్జింగ్ ఆపేయండి. చేత్తో నొక్కి మూత సరిచేయొద్దు, సూదితో గ్యాస్ తీయొద్దు, చిల్లు పడితే అంటుకుంటుంది. పిల్లలకు దూరంగా, కాలే వస్తువులు లేని చోట పెట్టి, వీలైనంత త్వరగా షాపుకు తీసుకురండి. ఫోన్ మిగతాదంతా బాగుంటే బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోతుంది, కొత్త ఫోన్ కొనక్కర్లేదు. తీసిన పాత బ్యాటరీని చెత్తకుప్పలో వేయకండి, మంటల్లో అసలే వద్దు. షాపులోనే వదిలేసి వెళ్లండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు మేము అందిస్తాం.