నిద్ర పట్టడం లేదంటే మేలుకోమన్నారు

నిద్ర ఈమధ్యే దారిలో పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మొదట చూపించుకున్న డాక్టరు తలైనా ఎత్తకుండా నిద్రమాత్రలు రాసిచ్చాడు. పేరు చెప్పను గానీ ఆ క్లినిక్ మెట్లు మళ్లీ ఎక్కను. మధ్యాహ్నం తర్వాత టీ మానేయడం, ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి రావడం, పడగ్గదిలో గడియారం తీసేయడం తేలిగ్గానే అయిపోయాయి. టీలో కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుందట.

అసలు కథ సైకాలజిస్టు దగ్గర మొదలైంది. ఆవిడ ముందు నిద్ర డైరీ రాయించారు. పడుకున్నదెప్పుడు, నిద్రపట్టిందెప్పుడు, లేచిందెప్పుడు. లెక్క చూస్తే మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర ఐదున్నర. నూటికి 65 అన్నమాట. 85 దాటాలట. "ఇకనుంచి రాత్రి 12కి పడుకుని 5:30కి లేవండి. ఈలోపు ఎంత నిద్రొచ్చినా మంచమెక్కొద్దు, పగలు కునుకొద్దు" అన్నారు. నిద్రలేక చస్తుంటే ఇదేం వైద్యం!

మంచం మీద దొర్లేకొద్దీ మంచమంటే మెలకువే అని మెదడుకి అలవాటైపోతుందట. మేలుకున్న సమయం పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుందట. ఇది మా అత్తయ్యకి చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు. రాత్రి పదకొండున్నరకి నేను హాల్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే వచ్చి చూసి, "నిద్ర పట్టట్లేదని వెళ్తే మేలుకోమన్నారా? దానికి ఫీజు కూడా ఇచ్చావా?" అన్నారు. మర్నాటికల్లా ఆడపడుచులందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి.

బడిలో ఇంకా ఘోరం. స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతూ తూలిపోయాను. ఎర్రపెన్ను గీత ఒక పిల్లాడి జవాబు మీద ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది. పేపర్లు ఇచ్చేటప్పుడు వాడు లేచి, "టీచర్, ఇది మొత్తం తప్పా?" అన్నాడు. క్లాసంతా నవ్వు. "తప్పేం లేదు, కూర్చో" అన్నాను. రోజూ నాలుగు గంటలే పడుకుంటానని గొప్పలు పోయే సహోద్యోగి ఒకాయన ఆ సంగతి నెలంతా చెప్పుకు తిరిగాడు. నిద్ర మానుకోవడం కూడా ఒక గొప్పేనా?

లెక్క 85 దాటాక వారానికో పావుగంట కలుపుతూ వచ్చారు. ఇప్పుడు 10:45కి పడుకుంటే మావారు లైటు ఆర్పేలోపే నేను నిద్రలో ఉంటున్నాను!

ఇలా నిద్ర తగ్గించుకునే రోజుల్లో బండి తీయకండి, నేను బస్సులోనే వెళ్లాను. ఫిట్స్, బైపోలార్ (ఒకసారి విపరీతమైన హుషారు, ఒకసారి విపరీతమైన దిగులు వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు సొంతంగా అస్సలు మొదలుపెట్టొద్దు. గురకపెడుతూ ఊపిరి ఆగినట్టయి లేచేవాళ్ల సమస్య వేరు, వాళ్లు స్లీప్ టెస్ట్ చేయించుకోవాలి. ఇరవై నిమిషాలకీ నిద్ర పట్టకపోతే మాత్రం లేచి హాల్లోకి వెళ్లిపోండి, ఇంట్లోవాళ్లు ఏమన్నా సరే.

ఆదివారం కూడా 5:30కే లేవాలన్న షరతు ఒకటుంది. దానికి మాత్రం ఆ సైకాలజిస్టు మీద నాకింకా కోపమే.