సన్నని కార్బన్ ఫైబర్ కడ్డీ ఎంత బరువుకు వంగిపోతుంది?

నా మోడల్ గ్లైడర్ రెక్కకు ఊతంగా పెట్టదలచిన కార్బన్ ఫైబర్ కడ్డీ మందం 4 మిల్లీమీటర్లు, పొడవు 800 మిల్లీమీటర్లు. రెండు కొనలూ పక్కకు జరగకుండా, స్వేచ్ఛగా తిరగగలిగేలా ఉన్నప్పుడు, కొనల మీద నిలువుగా నొక్కితే కడ్డీ వంగిపోయే భారం రావాలంటే, గణితవేత్త ఆయిలర్ 1744లో ప్రకటించిన సూత్రం ప్రకారం, π (పై) వర్గాన్ని యంగ్ గుణకంతోనూ (పదార్థం ఎంత బిగువైనదో చెప్పే అంకె) అడ్డుకోత జడత్వ భ్రామకంతోనూ (అడ్డుకోత ఆకారం వంపును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) గుణించి, పొడవు వర్గంతో భాగించాలి. యంగ్ గుణకం 120 గిగాపాస్కల్‌లు, భ్రామకం 12.57 mm⁴ అనుకుంటే వచ్చేది దాదాపు 23 న్యూటన్లు, అంటే 2.4 కిలోల బరువు మాత్రమే. ఈ సూత్రంలో పదార్థపు బలానికి, అంటే అది ఎంత ఒత్తిడికి విరుగుతుందన్న దానికి, అసలు చోటే లేదన్నది గమనించాలి.

నమ్మకం కుదరక, కడ్డీని వంటింటి త్రాసుపై నిలబెట్టి అరచేతితో నొక్కి చూశాను. అంకె రెండు కిలోలు దాటాక కడ్డీ విల్లులా వంగింది. ఇంకా నొక్కినా వంపు పెరిగిందే తప్ప అంకె దాదాపు కదలలేదు. లెక్కకూ త్రాసు అంకెకూ మధ్య కొద్దిపాటి తేడాకు కారణం కడ్డీలో ముందే ఉన్న వంకర కావచ్చు. అమ్మకందారు చెప్పే గుణకాన్ని నమ్మడం కన్నా, కడ్డీని అడ్డంగా పెట్టి, మధ్యలో బరువు వేలాడదీసి, వంపును కొలిచి రాబట్టుకోవడం మేలు.

చివరకు బయట 6, లోపల 4 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని ఎంచుకున్నాను. బరువు నాలుగో వంతు పెరిగింది. లెక్క ప్రకారం వంగే భారం నాలుగు రెట్లయి 94 న్యూటన్లకు చేరింది.