ఎగ్జిట్ కొట్టించే ముందు: సౌదీ నుంచి బరంపురం దారిలో

ఒడిశాలోని బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి వైపు నుంచి సౌదీ వెళ్ళిన వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఇంక చాలనుకోగానే ముందు టికెట్ రేటు చూస్తారు. అది ఆఖర్న చూడాల్సింది. ఫైనల్ ఎగ్జిట్ (ఇక తిరిగి రానని దేశం వదిలే వీసా) పడ్డాక చేతిలో ఉండేవి 60 రోజులే. ఈలోగా దేశం దాటకుండా, వీసా రద్దు చేయించుకోకుండా కూర్చుంటే 1,000 రియాళ్ళ జరిమానా. రద్దు చేయించాలన్నా ఇకామాకి, అంటే సౌదీ నివాస కార్డుకి, గడువు ఉండాలి. కాబట్టి లెక్క, కాగితాలు, బ్యాంకు ముందు, ఎగ్జిట్ తర్వాత, టికెట్ ఆ తర్వాత.

ఎగ్జిట్ ఎక్కడ ఆగిపోతుందంటే, మూడు చోట్ల. ఇకామా గడువు దాటిపోయి ఉంటే వీసా పడదు. రెన్యువల్ ఖర్చు కంపెనీదే, మీ జీతంలో కోయడానికి లేదు. మధ్యలో పాస్‌పోర్టు కొత్తది తీసుకుని, ఆ నంబరును ఇకామాలోకి ఎక్కించే నక్ల్ మాలూమాత్ చేయించకపోతే సిస్టంలో పాత నంబరే ఉండిపోతుంది. మూడోది ట్రాఫిక్ జరిమానాలు, మీ పేరున ఉన్న బండి. నలుగురూ కలిసి కొన్న సెకండ్‌హ్యాండ్ కారు ఎవరో ఒకరి పేరునే ఉంటుంది కదా, ఆ ఒక్కడే ఇరుక్కుంటాడు. సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షర్ తెరిచి ఈ మూడూ ఒకసారి చూసుకుంటే సగం పని అయినట్టే.

ఇక సెటిల్‌మెంట్. సర్వీసు డబ్బు లెక్క చట్టంలో సూటిగానే ఉంది: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం, అదీ ఆఖరి జీతం మీద. నెలకు 2,400 రియాళ్ళు తీసుకునే మనిషి ఏడేళ్ళు చేశాడనుకోండి. మొదటి ఐదేళ్ళకు 6,000, మిగతా రెండేళ్ళకు 4,800, మొత్తం 10,800. కానీ తనే రాజీనామా ఇస్తే లెక్క మారుతుంది. రెండేళ్ళ లోపు ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్ళ దాకా మూడో వంతు, ఐదు నుంచి పదేళ్ళ లోపు మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితే పూర్తిగా. అంటే ఇదే మనిషికి 7,200 మాత్రమే వస్తుంది. కాంట్రాక్టు గడువు తీరి ముగిస్తే మాత్రం కోత లేదు. ఇంకో మూడు నెలల్లో కాంట్రాక్టు అయిపోతుందంటే రాజీనామా ఇవ్వడం చేజేతులా 3,600 వదులుకోవడమే. రెన్యువల్ వద్దని కాంట్రాక్టులో ఉన్న నోటీసు గడువు లోపల రాసిచ్చి, ఆ మూడు నెలలూ ఓపిక పట్టడం మేలు.

కొన్ని కంపెనీలు ఈ లెక్కంతా బేసిక్ మీదే వేస్తాయి. కాంట్రాక్టులో నెలనెలా ఇస్తామని రాసిన ఇంటి అలవెన్సు, ప్రయాణ అలవెన్సు కూడా జీతమే, అడగండి. వాడుకోని సెలవుల డబ్బు విడిగా రావాలి. సెలవు ఏడాదికి 21 రోజులు, అదే కంపెనీలో ఐదేళ్ళు నిండాక 30. కాంట్రాక్టు ముగిసి వస్తుంటే తిరుగు టికెట్ కంపెనీదే.

ముఖాలసా కాగితం మీద సంతకం దగ్గర జాగ్రత్త. నాకు రావాల్సిందంతా ముట్టింది, ఇక బాకీ లేదు అనే రాత అది, సాధారణంగా అరబ్బీలో ఉంటుంది. ఫోన్‌తో ఫోటో తీసి, చదవగలిగినవాళ్ళకి చూపించి, డబ్బు ఖాతాలో పడిన మెసేజ్ వచ్చాకే సంతకం పెట్టండి. "ఎయిర్‌పోర్టులో ఇస్తాం తమ్ముడూ" అనే మాట నమ్మకండి. కంపెనీ తీసేస్తే వారంలోగా, మీరే మానుకుంటే రెండు వారాల్లోగా లెక్క తేల్చాలని చట్టం. తేల్చకపోతే కార్మిక శాఖ దగ్గర ముందు రాజీ మార్గం, అది కుదరకపోతే లేబర్ కోర్టు. ఉద్యోగం ముగిశాక 12 నెలలు దాటితే ఆ దావా కూడా చెల్లదు. ఛుట్టీ మీద వచ్చి ఊళ్ళోనే ఆగిపోయేవాళ్ళ డబ్బు మునిగేది ఇక్కడే. ఇంటి నుంచి ఆ కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు?

సౌదీ ఖాతాను తొందరపడి మూసేయకండి. సెటిల్‌మెంట్ పడాలి, అక్కడి నుంచి మన ఎన్ఆర్ఈ ఖాతాకి (బయటి దేశంలో ఉండేవాళ్ళకి మన బ్యాంకులిచ్చే ఖాతా) పంపాలి, ఆ తర్వాతే మూసివేత. తెరిచి వదిలేసి వచ్చినా లాభం లేదు, ఇకామా గడువు తీరితే ఖాతా స్తంభిస్తుంది.

ఇంటికి కాకుండా ఖతార్‌కో మరో దేశానికో వెళ్ళే ఆలోచన ఉంటే పని కాగితాలు డబ్బుతో సమానం. ఇకామాలో వృత్తి "ఆమిల్" (కూలీ) అని ఉండి, చేసింది 6జీ వెల్డింగ్ (వాలుగా బిగించిన పైపు చుట్టూ చేసేది) అయితే, అనుభవ పత్రం ఒక్కటే మీకు సాక్ష్యం. అందులో ట్రేడ్, చేరిన తేదీ, మానిన తేదీ, ప్రాజెక్టు, పైపు రకం ఉండాలి. "మా దగ్గర బాగా పనిచేశాడు" అనే రెండు లైన్ల ఉత్తరం ఏ ఇంటర్వ్యూలోనూ పనికిరాదు. నాణ్యత చూసే క్యూసీ ఆఫీసు నుంచి వెల్డర్ క్వాలిఫికేషన్ రికార్డు (టెస్టు పాసైన కాగితం) కాపీ స్టాంపుతో తెచ్చుకోండి, ఎప్పుడెప్పుడు ఏ వెల్డింగ్ చేశారో రాసే కంటిన్యుయిటీ లాగ్ కాపీ కూడా. వెల్డింగ్ అర్హతలకి వాడే అమెరికా కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ఒక ప్రాసెస్‌లో (టిగ్ లాంటి వెల్డింగ్ పద్ధతిలో) ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ ప్రాసెస్‌కి అర్హత పోతుంది. ఇల్లు కట్టుకుంటూ ఏడాది ఊళ్ళో ఉన్నవాళ్ళు టిగ్ టెస్టు మళ్ళీ ఇవ్వక తప్పదు. సౌదీ పోలీసు క్లియరెన్సు కూడా అక్కడ ఉండగానే తీసుకోండి. వచ్చేశాక వేలిముద్రలు, అటెస్టేషన్లు అంటూ చాలా దూరం పోతుంది.

మన జిల్లాల తెలుగువాళ్ళకి పేరు గొడవ ఒకటి అదనం. పాస్‌పోర్టులో వెంకటరావు, బడి సర్టిఫికెట్‌లో బెంకట్ రావు. ఒడియా రాతలో వకారం బకారమైపోతుంది మరి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర. ఎన్ఆర్ఈ ఖాతా మార్చేటప్పుడు, పట్టా చేయించేటప్పుడు బయటపడే తేడా ఇదే. ఆధార్, పాన్, పాస్‌పోర్టు ఒకే వరసలో ఉన్నాయో లేదో అక్కడ ఉండగానే ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆధార్‌కి కట్టిన సిమ్‌ని రీఛార్జి లేకుండా చావనివ్వకండి, వచ్చాక ప్రతి ఓటీపీ దానికే వెళ్తుంది.

బంగారం సంగతి: ఏడాది దాటి బయట ఉన్న మగవాళ్ళకి 20 గ్రాములు, ఆడవాళ్ళకి 40 గ్రాముల దాకా సుంకం లేదు. అదీ నగలకే, బిస్కెట్లకి, కాసులకి వర్తించదు. సౌదీ నుంచి 60,000 రియాళ్ళు, ఆ పైన నగదు తెస్తే అక్కడే డిక్లేర్ చేయాలి. కార్గోలో వేసే పెట్టెల్లో కొత్త సామాన్లు పెట్టకండి. మీతోపాటు రాని లగేజీలో సుంకం మినహాయింపు వాడిన సొంత వస్తువులకే.

ఉండిపోవడానికే వస్తే ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగానో, తిరిగొచ్చినవాళ్ళు విదేశీ కరెన్సీలోనే డబ్బు ఉంచుకునే ఆర్ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించాలి. ఊళ్ళో ఎవరికీ తెలియదులే అని అలాగే ఉంచితే, పన్ను లేదనుకున్న వడ్డీకి తర్వాత పన్ను కట్టాల్సి వస్తుంది.

ఈ డబ్బు చివరికి చేరేది స్థలంలోకే. గంజాంలో కొనేటప్పుడు ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా తీసి కిసమ్ (భూమి రకం) చూడండి. ఘరబారి (ఇంటి స్థలం) అయితే సరే. సాగు భూమి అయితే ఒడిశా భూ సంస్కరణల (ఓఎల్ఆర్) చట్టం సెక్షన్ 8-ఏ కింద మార్పించాకే ఇల్లు. రాయగడ, కొరాపుట్, మల్కాన్‌గిరి పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు, గజపతిలో కొంత భాగం. అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులకి రాసివ్వడాన్ని 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఆపుతుంది. బ్రోకరు ఎంత చవగ్గా చెప్పినా, తెల్ల కాగితం ఒప్పందం ఎంత గట్టిగా రాసినా అది మీదవదు. మీరింకా అక్కడే ఉండి బావగారి చేత రిజిస్ట్రేషన్ చేయిస్తుంటే, ఎంబసీలో అటెస్ట్ చేయించిన పవరాఫ్ అటార్నీకి అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి.