లాంచర్ వాళ్లకి నా గోడు

నిన్న సాయంత్రం కూకట్‌పల్లిలో వాన, ఎప్పట్లాగే కరెంటు పోయింది, అప్పటికే 60 జీబీ గేము 90 శాతం దిగింది, కరెంటొచ్చాక లాంచర్ (గేములు కొని, దించుకుని ఆడే యాప్) ఓపెన్ చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలెట్టింది! పేరు చెప్పను గానీ, ఆగిన కాడ్నుంచి దించుడు అంత కష్టమా బాబూ?

ఇంకోటి, అదే గేము పక్క రూంలో తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఉంది, అయినా నేను మొత్తం నెట్ మీదే దించుకోవాలంట. స్టీమ్ అనే ఇంకో గేముల యాప్‌లో 2023 నుంచి ఒకే వైఫై మీదున్న ఇంకో పీసీ నుంచి ఫైళ్లు లాగేసుకోవచ్చు, ఆ ఫీచర్ మీరు కాపీ కొట్టినా ఎవరూ ఏమనరు. రీఫండూ అంతే, అక్కడ కొన్న 14 రోజుల్లో, 2 గంటల లోపే ఆడుంటే పైసలు వాపస్, ఇక్కడేమో మెయిల్ పెట్టి ఎదురుచూడాలి.

అప్‌డేట్లకి టైమ్ పెట్టుకునే ఆప్షన్ అయితే అర్జెంటుగా కావాలి. సరిగ్గా మా నాన్న టీవీలో సినిమా పెట్టినప్పుడే అది మొదలైతది, స్క్రీన్ మీద గుండ్రం తిరగ్గానే హాల్లోంచి కేక: "ఏందిరా, మళ్లీ నీ గేములేనా?" నేనప్పుడు వంటింట్లో అన్నం తింటుంటా.