బరువు దిగాకే బిగించాలి

రథసప్తమి వెళ్లగానే ఎండ ముదురుతుందని మా వైపు అంటారు. ఈరోజు ఉదయం ఎనిమిది గంటలకే తిరుపతి కరకంబాడి రోడ్డులోని షెడ్డు రేకులు వేడెక్కాయి. ఆదివారమంతా అక్కడే గడిచింది. మా ఎస్టీమ్ కారు ముందు చక్రాలు రెండూ విప్పి, కింద అరిగిపోయిన సామానంతా మార్పించి, సాయంత్రం ఇంటికి వచ్చాను. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదలలేదు. వివరాలు మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

మారుతి ఎస్టీమ్ మన దేశంలో 1994లో వచ్చింది. 1298 సీసీ ఇంజిను, తేలికైన శరీరం. మాది 2002 నాటి బండి. మా అన్నయ్య బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నాడు. ఎత్తు తగ్గించినది కూడా ఆయనే. ఆ తర్వాత అది నా చేతికి వచ్చింది. "మన రోడ్లకు ఇది పనికిరాదు, మామూలు ఎత్తుకు మార్చెయ్" అని చెప్పని బంధువు లేడు. నాకు మనసు రాదు. చక్రానికీ పై అంచుకూ మధ్య ఖాళీ తగ్గి, నేలను అంటిపెట్టుకుని నిలబడే ఆ తీరు నాకెంతో ఇష్టం. కాకపోతే ఇష్టపడ్డ వాడే దాని ఆరోగ్యం కూడా చూసుకోవాలి.

కొంతకాలంగా లీలామహల్ కూడలి దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పితే కుడివైపు కింద నుంచి టక్కుమని శబ్దం వచ్చేది. రేణిగుంట రోడ్డులో వేగంగా వెళుతూ బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగేది. ముందు టైర్లు బయటి నుంచి చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి, చెయ్యి పెట్టి తడిమితే లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. షాక్ అబ్జార్బర్లు మారిస్తే చాలని ఒకరు, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ అని మరొకరు. ఎత్తు తగ్గించిన బండిలో జబ్బు ఒక్కచోట ఉండదు. ఒకటి పాడైతే దాని భారం పక్కదాని మీద పడుతుంది, అది ఇంకొకదాన్ని పాడు చేస్తుంది. అందుకే ఒక్కొక్కటిగా కాకుండా ముందు భాగమంతా ఒకేసారి మార్చాలని పట్టుబట్టాను. సామాను కోసం పోయిన వారమే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో షాపు షాపూ తిరిగి తెచ్చుకున్నాను. తయారీ ఆగిపోయిన బండికి, చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్‌లు రెండూ కొత్తవి దొరికాయంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మేస్త్రీ జాకీతో ముందు భాగం ఎత్తి స్టాండ్లు పెట్టాడు. చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపితే ఆర్మ్‌నూ చక్రాన్నీ కలిపే బాల్ జాయింట్ ఆడుతున్నట్టు స్పష్టంగా తెలిసింది. 9, 3 దగ్గర ఊపితే టై రాడ్ ఎండ్ కూడా అంతే. పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి లోయర్ ఆర్మ్‌ను కదిపితే, అది బండికి అతికే చోట ఉండే బుష్ లోపలి రబ్బరు లోహం నుంచి విడిపోయి నోరు తెరిచింది. షాక్ అబ్జార్బర్ ఒళ్లంతా నూనె, దాని మీద దుమ్ము పేరుకుని నల్లని పెచ్చు కట్టింది.

స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే స్ట్రట్ విప్పాక అసలు విషయం బయటపడింది. లోపల ఉన్నది పొట్టి స్ప్రింగు కాదు, మామూలు స్ప్రింగునే కోసి పెట్టారు. బెంగళూరులో ఎవరు చేశారో అన్నయ్యకు కూడా గుర్తు లేదు. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. స్ప్రింగు గట్టిదనం దాని చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. చుట్లు తగ్గిస్తే ఎత్తుతో పాటు మెత్తదనం కూడా పోతుంది. కోసిన కొన తన గూటిలో సరిగా కూర్చోదు. పెద్ద గుంతలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరగవచ్చు కూడా. షాక్ అబ్జార్బరేమో తన దూరంలో కింది భాగంలోనే ఎప్పుడూ ఆడుతూ, ప్రతి గతుకుకూ చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మను, అంటే బంప్ స్టాప్‌ను గుద్దుకుంటూ ఉంటుంది. ఇన్నాళ్లు దాని నూనెను ఆపే సీలు నిలిచిందంటే అదే గొప్ప. ఈసారి ఎత్తు తగ్గించడానికే తయారు చేసిన స్ప్రింగులు తెచ్చాను. బండి మునుపటికన్నా కాస్త పైకి లేస్తుంది. నాకు సమ్మతమే.

కిందికి దించితే మలుపుల్లో బండి ఒరగదని చాలామంది నమ్మకం. ఇలా స్ట్రట్, కింద ఒక ఆర్మ్ మాత్రమే ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ బండిలో అది సగం నిజమే. బరువు కేంద్రం దిగే మాట వాస్తవం. అయితే లోయర్ ఆర్మ్ బయటి కొన పైకి లేచి, బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు ఇంకా ఎక్కువగా దిగిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం పెరుగుతుంది. మితంగా దించమనేది అందుకే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రీ వాళ్ల నాన్న షెడ్డుకు వచ్చాడు. సెట్టిపల్లి దగ్గర రైల్వే క్యారేజీ షాపులో పనిచేసి రిటైరైన మనిషి. పాత నూనె కారిన షాక్ అబ్జార్బర్‌ను చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ ఆడించి చూశాడు. ఎక్కడా పట్టు లేదు. "పాత నీలం రైలు పెట్టెలకు స్ప్రింగు లోపలే నూనె గిన్నె ఉండేది నాయనా. నూనె తగ్గితే పెట్టె ఊగుడు ఆగదు. స్ప్రింగు బరువు మోస్తుంది, ఊపు ఆపేది నూనే" అన్నాడు. ఇంజనీరింగ్ పుస్తకంలో చదివినప్పుడు కూడా నాకు ఇంత సూటిగా అర్థం కాలేదు.

కొత్త ఆర్మ్ ఎక్కించి, చక్రం గాలిలో వేలాడుతుండగానే బుష్ బోల్టును మేస్త్రీ బిగించబోయాడు. "అన్నా, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. అది తిరగదు, మెలిపడుతుంది అంతే. ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి అవుతుంది. తర్వాత బండి నేల మీదకు దిగితే ఆగి ఉన్నప్పుడు కూడా రబ్బరు మెలిపడే ఉంటుంది. ఎత్తు తగ్గించిన బండిలో ఆ మెలిక మరీ ఎక్కువ. త్వరగా చిరుగుతుంది. "ఎప్పుడూ ఇలాగే బిగిస్తాం కదా" అని మేస్త్రీ సందేహించాడు. పెద్దాయన మాత్రం "ఆ అబ్బాయి చెప్పింది నిజమే. బరువు దిగాకే బిగించాలి" అన్నాడు. ఆర్మ్ చివర జాకీ పెట్టి, స్టాండు మీద నుంచి బండి కొద్దిగా లేచేదాకా ఎత్తి, అప్పుడు పానా వేశాం. అటువైపూ అంతే. గంట ఆలస్యమైంది. ఈరోజు జరిగిన పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఆ గంటే.

చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ అయ్యాక చంద్రగిరి దాకా వెళ్లి వచ్చాను. టక్కు శబ్దం పూర్తిగా పోయింది. బ్రేకు వేస్తే బండి తిన్నగా ఆగుతోంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం ఇంకా ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించాల్సిందే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అలా కడితే 25 కిలోమీటర్ల వేగంలో ఏ బండైనా హాయిగా దాటుతుంది. సందుల్లో ఎవరికి వారు సిమెంటుతో పోసిన గట్లు చూస్తే బాధ కలుగుతుంది. నా బండి సంగతి అలా ఉంచితే, నిండు చూలాలు కూర్చున్న ఆటో కూడా వాటి మీదుగానే వెళ్లాలి కదా.

నాలుగు చక్రాల దగ్గరా, ఇరుసు మధ్య నుంచి పై అంచు వరకు కొలిచి అంకెలు రాసి పెట్టుకున్నాను. కొత్త స్ప్రింగులు కొద్దిగా కుంగుతాయి కాబట్టి వచ్చే నెల మళ్లీ కొలిచి, తేడా ఉంటే అలైన్‌మెంట్ ఇంకోసారి చూపించాలి. వెనక బుష్‌లు చెన్నైలో దొరకలేదు. తెప్పిస్తామన్న షాపుకు రేపు ఫోను చేయాలి.