చలవ కాదు, కాపడం

"ఏరా, ఏడుస్తున్నావా?" వీడియో కాల్‌లో అమ్మ గొంతు మారిపోయింది.

ఏడవడం లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి మారతహళ్లి పీజీకి వచ్చి కూర్చున్నాను, రెండు కళ్లూ ధారగా కారుతున్నాయి, అంతే. భీమవరంలో ఉన్నన్నాళ్లూ కళ్ల బాధంటే ఏమిటో తెలియదు. బెంగళూరు వచ్చిన రెండో ఏడు, ఫిబ్రవరిలో మొదలైంది. పొద్దున్నే రెప్పల కింద ఇసుక పోసినట్టు గరగర, సాయంత్రానికి స్క్రీన్ మీద అక్షరాలు మసక. రెప్ప వేస్తే ఒక్క క్షణం తేటపడేవి, మళ్లీ మసకే.

అమ్మ లెక్కలో అది వేడి చేయడం. మజ్జిగ తాగమంది, కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టుకోమంది. పీజీలో పూలెక్కడివి? తడిగుడ్డ వేసుకున్నాను. మెడికల్ షాపుకెళ్తే చీటీ అడక్కుండానే చుక్కల మందు ఇచ్చారు. ఎరుపు పోయింది, మానేస్తే మళ్లీ వచ్చింది. అలా మూడు వారాలు వేశాను. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత డాక్టర్ చెప్పారు. అడిగేవాళ్లు లేకుండా వాడుకుంటూ పోతే కంట్లో ప్రెషర్ పెరిగి గ్లాకోమా అనే కంటి జబ్బు రావొచ్చట, శుక్లాలూ రావొచ్చట. నాకు చెమటలు పట్టాయి. దయచేసి ఎవరూ అలా కొనుక్కోకండి.

డాక్టర్‌గారిది అనంతపురం వైపు. తెలుగు వినగానే సగం టెన్షన్ తగ్గింది. "నీళ్లు కారుతుంటే కళ్లు పొడిబారాయంటారేంటి మేడమ్?" అన్నాను. "కన్ను ఎండి మండితేనే అట్లా నీళ్లు వస్తాయి నాయనా. అవి కంటి మీద నిలవవు" అన్నారు.

కింది రెప్ప లోపల సన్నటి కాగితం పట్టీ తగిలించి 5 నిమిషాలు ఉంచారు. 14 మిల్లీమీటర్లు తడిసింది. 10 దాటితే చాలట, అంటే నీటికి లోటు లేదు. తర్వాత పసుపు రంగు వేసి, రెప్ప వేయకుండా చూడమన్నారు. 10 సెకన్లైనా నిలవాల్సిన కన్నీటి పొర నాకు 4 సెకన్లకే చిట్లిపోతోంది. లోటు నూనెలో ఉంది. రెప్పల అంచున మైబోమియన్ గ్రంథులుంటాయి. రెప్ప పూర్తిగా వేసినప్పుడల్లా వాటి నుంచి కాస్త నూనె వచ్చి, నీరు ఆవిరైపోకుండా పైన పరుచుకుంటుంది. మామూలుగా నిమిషానికి 15 సార్లైనా వేసే రెప్ప, స్క్రీన్ ముందు 5 సార్లకి పడిపోతుంది, అదీ సగం సగమే. నెత్తి మీద ఏసీ గాలి, బయట పొడి గాలి, రింగ్ రోడ్డు మీద బైకు, దుమ్ము. నా రెప్ప అంచు నొక్కితే నూనె చుక్కగా రాలేదు, తెల్లగా పేస్టులా వచ్చింది.

మందు ఏమిటంటే వేడి కాపడం. బాగా వెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ, రోజుకు రెండు పూటలా, 10 నిమిషాలు. రెండు నిమిషాలకే గుడ్డ చల్లారిపోతుంది, మళ్లీ ముంచాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరాలి. ప్రిజర్వేటివ్ లేని చుక్కలూ రాశారు. ఆఫీసులో సీటు మార్పించుకుని మానిటర్ కంటికి కాస్త దిగువకు దించాను. 20 నిమిషాలకోసారి కిటికీ అవతలి చెట్టును చూస్తూ, గట్టిగా రెప్పలు మూసి తెరుస్తాను.

ఆరు వారాలకు గరగర చాలా తగ్గింది. ఫోన్లో చెబితే అమ్మ నమ్మలేదు. "వేడి చేసిన కళ్లకి మళ్లీ వేడేంట్రా?"

"నూనె గడ్డకట్టిందమ్మా లోపల."

కాసేపు ఆలోచించింది. "సంక్రాంతికి కొబ్బరినూనె సీసా ఎండలో పెడతాం, అలాగా?"

"అచ్చం అలాగే."

"అయితే రెండు పూటలా మానకుండా పెట్టుకో నాన్నా."